చిట్టి మింగని మాత్ర

ఆ వీధిలో ఎవరికి ఒళ్లు వెచ్చబడినా ముందు వెళ్లేది ఆసుపత్రికి కాదు, లాండ్రీకి.

లాండ్రీ నడిపే ఆవిడ వయసులో ఉన్నప్పుడు కొన్నేళ్లు ఓ ఆసుపత్రిలో ఆయాగా పనిచేసింది. ఆ పరిచయం, దానికి తోడు జాలిగుండె ఆవిడకు సగం డాక్టరన్న పేరు తెచ్చిపెట్టాయి. ఎవరింట్లో జబ్బు తగ్గి మాత్రలు మిగిలినా ఆవిడ దగ్గరికే చేరేవి. వాటిని ఒక పెద్ద బిస్కెట్ డబ్బాలో దాచేది. బట్టలు ఇవ్వడానికి వచ్చినవాళ్లు గొంతు నొప్పనో, పంటి వాపనో అంటే చాలు, ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, డబ్బా మూత తీసి, రెండు మాత్రలు కాగితంలో చుట్టి చేతిలో పెట్టేది. బదులుగా ఏమీ తీసుకునేది కాదు. "పారేస్తే ఎవరికి లాభం? ఇంకొకరికి పనికొస్తాయి కదా" అనేది. చిన్నా పెద్దా అందరికీ ఆవిడ డబ్బా అత్త.

ఇందులో తప్పేముందని మీరు అడగవచ్చు. ఆ వీధిలో అసలు ఆ ప్రశ్నే ఎవరికీ తట్టలేదు.

లాండ్రీ వెనకున్న రెండు గదుల్లో ఆవిడ తమ్ముడి సంసారం. తమ్ముడు బస్సు డ్రైవరు. మరదలు ఓ కార్ఖానాలో చొక్కాలకు కాలర్లు కుడుతుంది. వాళ్లకిద్దరు ఆడపిల్లలు. పెద్దమ్మాయి ఆ ఏడాదే జీవశాస్త్రం మొదలుపెట్టింది. చిన్నది అప్పుడప్పుడే బడికి వెళ్తోంది. దాన్ని అందరూ చిట్టి అనేవాళ్లు. భర్త పోయి, పిల్లలు లేని అత్తకు ఆ ఇద్దరూ రెండు కళ్లు.

ఒక సాయంత్రం పెద్దమ్మాయి ఉతికిన బట్టల మూట మీద కూర్చుని పాఠం వల్లె వేస్తోంది.

"జీవులు ఆహారం తీసుకుంటాయి. పెరుగుతాయి. కదులుతాయి. తమలాంటి జీవులకు జన్మనిస్తాయి."

"కదలడం కూడా ఉందా?" అంది అత్త, చొక్కా చెయ్యి సాపు చేస్తూ. "అయితే ఆదివారంనాడు మీ నాన్న జీవి కాదన్నమాట."

చిట్టి పకపకా నవ్వింది. అప్పుడే డ్యూటీ దిగి వచ్చిన డ్రైవరు మెడ తిప్పలేక ఒళ్లంతా తిప్పి చూశాడు.

"నవ్వండి నవ్వండి. అక్కా, మళ్లీ లేచింది."

మెడ వెనక ఎర్రగా ఉబ్బిన సెగగడ్డ. కొంతకాలంగా అతనికి ఇదే వరస. ఒకటి మానుతుంది, నాలుగు రోజులు హాయిగా ఉంటాడు, ఇంకోటి లేస్తుంది.

"పోయినసారి ఇచ్చినవే ఇస్తాను. వాపు దిగ్గానే ఆపెయ్. ఊరికే మింగితే వేడి చేస్తుంది" అంది అత్త, డబ్బాలో వెతుకుతూ.

లోపలి నుంచి భార్య వచ్చింది. "ఒకసారి డాక్టరుకి చూపించమని చెప్పు వదినా. నా మాట వినరు."

"సెగగడ్డకి డాక్టరా? పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం లాగా. నువ్వు మరీ బెంబేలుపడతావమ్మాయీ."

గడ్డ చితికి, వాపు దిగింది. డ్రైవరు మాత్రలు ఆపేశాడు. చితికిన గడ్డను తుడుచుకున్న తువ్వాలు ఎప్పటిలాగే కొళాయి పక్కన కొక్కేనికి వేలాడింది. ఇంటిల్లిపాదీ దానితోనే మొహం తుడుచుకున్నారు.

ఆ తర్వాత కొద్ది రోజులకే చిట్టి బడి మెట్ల మీద జారి మోకాలు గీరుకుంది. పిల్లలున్న ఇంట్లో గీరుకుపోని మోకాలు ఉంటుందా? తల్లి దెబ్బ కడిగి, ఆ తువ్వాలుతోనే అద్ది, ఆడుకోమని పంపింది. మర్నాటికి మోకాలు ఎర్రబడింది. ఆ మర్నాటికి బూరెలా ఉబ్బింది. అత్త చెయ్యి డబ్బా మీదికి వెళ్తుంటే తల్లి మొదటిసారి అడ్డుపడింది.

"పసిపిల్ల వదినా. దీనికి మాత్రం వద్దు."

చిట్టిని ఆసుపత్రిలో చేర్చారు. సూది మందు మొదలుపెట్టారు. జ్వరం దిగలేదు. మందు మార్చారు. అయినా దిగలేదు. పిల్ల ఒళ్లు పెనంలా కాలిపోతోంది. తల్లి పిలిస్తే కళ్లు తెరిచి, ఎవరో కొత్త మనిషిని చూసినట్టు చూసింది. 

మోకాలి నుంచి తీసిన చీమును పరీక్షకు పంపారు. ఫలితం వచ్చాక డాక్టరమ్మ ఇంటివాళ్లను ల్యాబ్‌కి పిలిచి, మూత ఉన్న ఒక గాజు పళ్లెం చూపించింది. జెల్లీ లాంటి పదార్థం మీద పసుప్పచ్చని పొర కట్టి ఉంది. దాని మీద అక్కడక్కడ చిన్న కాగితపు బిళ్లలు.

"ఈ పొరంతా పాప మోకాల్లో దొరికిన సూక్ష్మజీవులు. ఒక్కో బిళ్లకి ఒక్కో మందు పట్టించి ఉంది. మందు పనిచేస్తే బిళ్ల చుట్టూ ఇవి పెరగవు. ఖాళీగా ఉంటుంది. చూడండి."

చూశారు. ఒకే ఒక్క బిళ్ల చుట్టూ ఖాళీ ఉంది. మిగిలిన వాటి అంచులు ఒరుసుకుంటూ ఆ పొర దర్జాగా పెరిగి ఉంది.

అత్త మొహం పాలిపోయింది. "దానికి నేను ఒక్క మాత్ర కూడా ఇవ్వలేదు డాక్టరమ్మా. పుట్టినప్పటి నుంచి దానికి ఇట్లాంటి మందే పడలేదు. మరి మందులకి లొంగకపోవడమేంటి?"

"ఇంట్లో ఇంకెవరికైనా గడ్డలు లేస్తున్నాయా?"

డ్రైవరు చెయ్యి దానంతట అదే మెడ వెనక మళ్లీ లేస్తున్న గడ్డ మీదికి వెళ్లింది. ఏం మందు వాడాడో, ఎన్నాళ్లు వాడాడో ఆమె అడిగింది. అతను అక్క వైపు చూశాడు. అక్క తలదించుకుని డబ్బా సంగతి, వాపు దిగగానే మాత్రలు ఆపించిన సంగతి చెప్పింది. డాక్టరమ్మ చిట్టికి పనిచేసే మందు మొదలుపెట్టించి, అతని మెడ నుంచి కూడా నమూనా తీయించింది. రెండు రోజులకు ఫలితం రాగానే వాళ్లను మళ్లీ పిలిచింది. అందులోనూ అదే సూక్ష్మజీవి, అదే మొండితనం.

"పాప మాత్ర మింగలేదు. నిజమే" అంది ఆమె. "కానీ పాప మోకాల్లో ఉన్నవాటి తాతముత్తాతలు మీ తమ్ముడి మెడ మీద ఆ మందు రుచి చూసి బతికి బయటపడ్డాయి. సూక్ష్మజీవి అంటే దుమ్మూ ధూళీ కాదమ్మా. మనలాగే ప్రాణమున్నది. తింటుంది, పెరుగుతుంది. ఒక గడ్డలో కోట్లుంటాయి, అన్నీ ఒకేలా ఉండవు. అరకొరగా మందు వేస్తే లొంగేవి చస్తాయి, వాపు దిగుతుంది. హమ్మయ్య అని మీరు ఆపేస్తారు. చావని మొండివి మిగిలిపోతాయి. ఆ తర్వాత అవి..."

"తమలాంటి జీవులకు జన్మనిస్తాయి" అంది గోడకానుకుని నిలబడ్డ పెద్దమ్మాయి.

అందరూ దాని వైపు తిరిగారు. ఆ వాక్యం పరీక్షలో రాసి మెప్పు పొందిన పిల్ల అది. ఆవూ దూడా, కోడీ పిల్లా బొమ్మలు వేసి మరీ రాసింది. ఆ వాక్యం తన తండ్రి మెడ గురించి, తన చెల్లెలి మోకాలి గురించి అని దానికి ఆ క్షణం దాకా తోచలేదు. 

అత్త అక్కడే నేల మీద చతికిలబడింది. రొట్టెల కొట్టాయన గొంతు, కాపలాదారు పన్ను, ఎదురింటి బాలింత జ్వరం... తాను కాగితంలో చుట్టి ఇచ్చినవన్నీ ఒక్కొక్క గుమ్మం చొప్పున కళ్ల ముందు తిరిగాయి. ఆ ఇళ్లన్నిటిలో ఏం పెరుగుతోందో ఆవిడకు తెలియదు. మరదలు వెనుదిరిగి చిట్టి దగ్గరికి వెళ్లిపోయింది. తిట్టి ఉంటే అత్తకు కాస్త ఊపిరాడేది.

పనిచేసే ఆ ఒక్క మందునే సెలైన్‌తో రోజుల తరబడి ఎక్కించారు. మోకాలు కోసి, చెడిన ఎముకను గీకి శుభ్రం చేశారు. చిట్టి బతికింది. కానీ ఆ మోకాలు ఇక పూర్తిగా వంగదు. మెట్లు దిగాలంటే పక్కకు తిరిగి, గోడ పట్టుకుని, ఒక్కో కాలూ దించుకోవాలి.

అత్త డబ్బాలోని మాత్రలన్నీ ఆసుపత్రి మందుల విభాగంలో అప్పగించి వచ్చింది. ఆ తర్వాత ఇల్లిల్లూ తిరిగింది. డాక్టరు రాయనిదే సూక్ష్మజీవుల్ని చంపే ఈ మందులు వేసుకోవద్దని, రాసినవి మధ్యలో మానొద్దని, ఒకరివి ఇంకొకరికి ఇవ్వొద్దని చెప్పింది. కొందరు విన్నారు. కొందరు మొహం చిట్లించారు.

"ఏంటత్తా కొత్తగా? నువ్విచ్చినవాటితోనే మా ఆయనకి తగ్గిందిగా" అంది ఒకావిడ.

"మా తమ్ముడికీ తగ్గిందమ్మా. తగ్గిందని సంబరపడబట్టే మా చిట్టికి కాలు వంగట్లేదు."

ఒక మధ్యాహ్నం ఓ తల్లి జ్వరంతో మూలుగుతున్న పసివాణ్ణి భుజాన వేసుకుని లాండ్రీకి వచ్చింది. అత్త వాడి నుదురు తాకి చూసింది. పాత జాలి గొంతు దాకా వచ్చింది.

"నాకు తెలీదమ్మా, వీడికి ఏం జ్వరమో" అంది.

"ఇదివరకు అన్నీ తెలిసేవి కదత్తా?"

"అప్పుడూ తెలీదు. తెలుసనుకున్నాను."

ఇస్త్రీపెట్టె ఆపి, సగం మడిచిన బట్టలు అలాగే వదిలేసి, షట్టరు దించింది. ఆ తల్లి వెంట నడిచి ఆసుపత్రికి వెళ్లి, డాక్టరు చూసేదాకా పక్కనే కూర్చుంది.

తిరిగి వచ్చేసరికి పొద్దు వాలింది. మరదలు గుమ్మంలో ఎదురైంది. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆవిడతో ముక్తసరిగా తప్ప మాట్లాడని మనిషి, మంచినీళ్ల గ్లాసు చేతికిచ్చి పక్కన కూర్చుంది.

"నీ మనసు మంచిది కాదని నేనెప్పుడూ అనుకోలేదు వదినా. నా పిల్ల కాలు చూసినప్పుడల్లా కోపం వస్తుంది, అదీ అబద్ధం కాదు. కానీ ఇవాళ నువ్వు చేసింది ఆనాడే మనందరం చేసుండాల్సింది. తెలీని మందు ఇచ్చే చేతి కంటే, తెలీదని చెప్పే నోరే ఎక్కువమందిని బతికిస్తుంది."