తెగిన తీగతో కచేరీ

చికాగో దక్షిణాన ఒక చర్చి నేలమాళిగలో ఆదివారం మధ్యాహ్నాలు కొత్త పోకడల జాజ్ కచేరీలు జరిగేవి. అక్కడి పియానోకి పదిహేనేళ్లుగా శ్రుతి చేస్తున్నది వెర్లీన్. ఆవిడకి థాడియస్ బాయ్కిన్ పేరెత్తితే ఒళ్లుమంట. అతను వాయించడానికి కూర్చుంటే మోచేతులతో, పిడికిళ్లతో పియానో మీద జడివానలా విరుచుకుపడతాడు. ఇమోజీన్ ప్రూయిట్ అలా కాదు; ఒక స్వరం మీటి, అది ఆరిపోయేదాకా ఆగి, అప్పుడు తీరిగ్గా ఇంకోటి వెతుక్కుంటుంది.

ఒక ఆదివారం బాయ్కిన్ తన వంతు ముగిస్తుండగా మంద్రంలో లావు తీగ ఫట్‌మని తెగింది.

"కొంప ముంచావు కదయ్యా! అలాంటి తీగ నా సంచీలో లేదు. ఇప్పుడు ఇమోజీన్ ఏం వాయించాలి, నీ తలకాయా?" అని వెర్లీన్ విరుచుకుపడింది.

"తప్పయిపోయిందక్కా," అన్నాడతను, చెమట తుడుచుకుంటూ.

"పోనీలే వెర్లీన్, ఉన్నవాటితో కానిస్తాలే," అంటూ ఇమోజీన్ కూర్చుంది.

ఆమె మొదట నొక్కింది ఆ తీగలేని మెట్టునే. టక్ మని చెక్క చప్పుడు. ఆగింది. మళ్లీ టక్. దాని పక్కన ఒక స్వరం, కాసేపటికి మరొకటి. వినగా వినగా వెర్లీన్ ఉలిక్కిపడింది. అది బాయ్కిన్ ఇందాక వాయించిన పాటే! ఆ హోరు అడుగున జోలపాటంత మెత్తని వరస ఒకటుంది. ఇన్నాళ్లూ తీగల మీది బెంగతో తను దాన్ని విననేలేదు.

"నా పాటలో ఇంత చోటుందా?" అన్నాడు బాయ్కిన్, కచేరీ అయ్యాక.

"నువ్వు ఇల్లంతా సామాన్లు నింపుతావు. నేను ఒక్క కుర్చీ ఉంచి మిగతావి బయట పడేశాను, అంతే," అంది ఇమోజీన్ నవ్వుతూ.

మర్నాడు వెర్లీన్ కొత్త తీగ బిగిస్తుంటే బాయ్కిన్ వేయించిన చేపలు పట్టుకొచ్చాడు.

"ముందు వాయించు," అందావిడ.

"మెల్లగానా?"

"వద్దు, నీలాగే."

అతను విరుచుకుపడ్డాడు. వెర్లీన్ కళ్లు మూసుకుని, ఆ హోరులో మెత్తని వరసను పట్టుకుంది. చివరిదాకా వదల్లేదు.

"ఇన్నేళ్లూ తిట్టాను. ఏమీ అనుకోకు తమ్ముడూ," అంది కళ్లు తెరిచి.

"తిట్టినా ప్రతిసారీ శ్రుతి చేసి పెట్టావుగా అక్కా. నువ్వు లేకపోతే నేనెక్కడ వాయించేవాణ్ణి?"

ఆ సాయంత్రం వెర్లీన్ ఇమోజీన్‌కి ఫోన్ చేసి, "నాకు వాణ్ణి వినిపించావు, నీ రుణం తీర్చుకోలేనే," అంది.