సింగపూర్ ఎకో

కానాగంత చేపలు బాగుచేసి, ఉప్పూ పసుపూ రాసి మూతపెట్టాక గౌరీశ్వరి నిమ్మచెక్కతో వేళ్లు తోముకుంటూ కూచుంది. గోళ్ల సందుల్లో వాసన పోవడమంటే మాటలా? పోకపోతే సాయంత్రం మొగుడు సాయిశంకర్ ఊరుకోడు. మొన్న మద్దిలపాలెం పెళ్లిలో స్టేజి దిగుతూనే ఆమె వాయించే కీబోర్డు మీదికి ముక్కు వంచి, "సింగపూర్ సరుకు ఇది. సేపల కంపు కొడతంది," అన్నాడు. ఆ మధ్యాహ్నం అదే చేపల పులుసు మారు వేయించుకుని మరీ తిన్నాడు. అప్పుడు కంపు లేదు.

సాయిశంకర్ పగలు పోర్టులో గుమాస్తా, సాయంత్రాలు గాయకుడు. ఆర్కెస్ట్రా పేరూ, బ్యానరూ, ముందు మైకూ అన్నీ అతనివే. తొంభై ఏడులో ఓడ మీద పనిచేసే స్నేహితుడి చేత ఆ కీబోర్డు తెప్పించాడు. అది వచ్చిన ఏడాదిలోనే వేణువు ఆయన్నీ, వయొలిన్ ఆయన్నీ ఇక రానక్కర్లేదన్నాడు. వాళ్లిద్దరి పనీ భార్య వేళ్ల మీద పడింది. ఆమెకి అదేం కొత్త కాదు. జాలరిపేట రామమందిరంలో తండ్రి భజనలకి హార్మోనియం వాయిస్తుంటే, ఆయన పక్కన కూచునే నేర్చుకుంది. స్టేజి మీద పరిచయాలప్పుడు సాయిశంకర్, "డ్రమ్స్ మీద సత్యం, ప్యాడ్స్ మీద రాము, ఇదిగో మన సింగపూర్ కీబోర్డు," అంటాడు. జనం చప్పట్లు కొడతారు. మొదట్లో గౌరీశ్వరి కూడా నవ్వేది.

ఆ కీబోర్డులో ఒక ఇబ్బందుంది. ఎడమ చేతికి బేసు, కుడి చేతికి వేణువు అని మీటల్ని రెండుగా పంచుకోవచ్చు గానీ, ఎకో మాత్రం రెండింటికీ కలిపి ఒక్కటే. వేణువుకి కావాలని ఎకో బటన్ నొక్కితే బేసుకీ పడుతుంది. లోతు స్వరాలు ఒకదాని మీద ఒకటి దొర్లి పాటంతా ముద్దయిపోతుంది. తయారుచేసిన వాళ్లని ఆమె ఎప్పుడూ తిట్టుకోలేదు. ఒక్క మనిషి భుజాన వేసుకుని మోయగలగాలి, శబ్దాలు బోలెడన్ని ఉండాలి, నలుగురూ కొనగలగాలి అనుకుని ఉంటారు. అన్నీ ఒకదాంట్లో ఇమడవు కాబట్టి, ఎక్కడో ఒకచోట ఇంతే ఇవ్వగలమని తేల్చుకుని ఉంటారు. యంత్రం గురించి ఎవరో కూచుని అంత ఆలోచించారు. తన గురించి ఎవరు ఆలోచించారు? వంట, అత్తగారి మందులు, ఆర్కెస్ట్రా వాళ్ల చొక్కాల ఇస్త్రీ, మానిపించిన ఇద్దరి వాయిద్యాలు, అన్నీ ఒకేసారి మోగాలి, ఏదీ తగ్గకూడదు. తగ్గితే, "ఇంట్లో కూకుని ఏటి సేత్తన్నావ్?" అని అడుగుతారు.

అందుకే ఆమె ఎకో జోలికే పోదు. వేణువు స్వరాన్ని ఒకసారి గట్టిగా నొక్కి, అదే స్వరాన్ని మెత్తగా, ఇంకా మెత్తగా, వినీవినబడనట్టు వేలితోనే మళ్లీ మళ్లీ పలికిస్తుంది. ఎదురుగా కొండ ఉండి తిరిగి పలికినట్టే ఉంటుంది. ఆ ఒడుపు పట్టుబడడానికి ఎన్ని మధ్యాహ్నాలు పోయాయో ఆమెకే తెలుసు. ఇంటిపని తెమిలాక హెడ్‌ఫోన్లు తగిలించుకుని సాధన చేసేది. స్పీకరు పెడితే అత్తగారు సూర్యకాంతమ్మకి కునుకు చెడుతుంది. దాంతో ఇంట్లో వాళ్లకి వినిపించేది ప్లాస్టిక్ మీటల చప్పుడొక్కటే. "పాట నేదు, పద్యం నేదు, ఏటమ్మా ఆ పెట్టి మీద టకటకా," అని ఆవిడ అటు తిరిగి పడుకునేది. చెవుల్లో మాత్రం గౌరీశ్వరి తనే పిలిచి తనే పలికేది. ఆ ఇంట్లో తన పిలుపుకి బదులు దొరికేది అక్కడే. ఒక్కోసారి ఆ చివరి మెత్తటి స్వరం దగ్గర ఏడుపొచ్చేది. ఎందుకని అడిగేవాళ్లెవరూ లేరు కాబట్టి కళ్లు తుడుచుకుని లేచి టీ పెట్టేది.

ఆ శ్రావణంలో కృష్ణంరాజు వచ్చాడు. అతనికీ ఒక ఆర్కెస్ట్రా ఉంది. తమ కీబోర్డు పాతదైపోయిందనీ, పద్మనాభంలో పెళ్లికి సింగపూర్‌ది అరువిమ్మనీ అడిగాడు. సాయిశంకర్‌కి ఛాతీ పొంగింది. గౌరీశ్వరి తనూ వెళ్లి వాయించి వస్తానంది.

"నువ్వెందుకు? మిషను మంచిదైతే ఎవులు నొక్కినా ఒకటే," అన్నాడు సాయిశంకర్. అమ్మకి వంటెవరు చేస్తారని కూడా అడిగాడు.

మర్నాడు పొద్దున్నే కృష్ణంరాజు కీబోర్డు ఆటోలో వేసుకొచ్చి ముందుగదిలో దింపాడు. మొహం మాడిపోయి ఉంది. తన కుర్రాడు ఎకో నొక్కిన దగ్గర్నుంచి పాటలన్నీ గుయ్యిమన్నాయట, పెళ్లివారు చివరికి టేపు పెట్టుకున్నారట. "నీ సింగపూర్ పాడైపోనాది బావా," అన్నాడు. తడి చేతులతో ముట్టుకుంటుంది కదా, చేపల నీళ్లు దిగి ఉంటాయని సూర్యకాంతమ్మ మంచం మీంచే తేల్చేసింది. సాయిశంకర్ వంటింటి వైపు తిరిగి కేకేశాడు.

"ఏటి సేసావే దీన్ని?"

గౌరీశ్వరి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "పాడవనేదు. అదెప్పుడూ అంతే."

"మరి మన పోగ్రాముల్లో ఆ ఎకో ఏటి?"

"అది మిషన్‌ది కాదు. నా వేలు."

మగవాళ్లిద్దరూ నవ్వారు. ఆమె వైరు తీసి స్పీకరుకి పెట్టింది. ముందు ఎకో నొక్కి వాయించింది. గదంతా ముద్దముద్దగా మోగింది. తర్వాత బటన్ తీసేసి, అదే పాట తన పద్ధతిలో వాయించింది. సూర్యకాంతమ్మ లేచి కూచుంది. కృష్ణంరాజు చూపు ఆమె వేళ్ల మీంచి కదల్లేదు.

పాట అయ్యాక గౌరీశ్వరి మొగుడి మొహంకేసి చూసింది. ఇన్నాళ్లూ నువ్వేనా అని ఒక్క మాటంటే చాలనుకుంది. ఆ ఒక్క మాట పట్టుకుని ఇంకో పదేళ్లు ఈ ఇంట్లో బతికేసేది.

సాయిశంకర్ వీధి తలుపు దగ్గరికి వేసొచ్చాడు. "ఈ మాట బయట అనకు. సింగపూర్ పేరు పోద్ది."

ఆమెకి కోపం కూడా రాలేదు. ఇంతకాలం ఎవరి కోసం ఎదురుచూసిందో ఆ మనిషి లేనేలేడని తెలిసింది.

కృష్ణంరాజు గొంతు సవరించుకున్నాడు. వచ్చే నెల ఉక్కునగరంలో విశ్వకర్మ పూజకి ప్రోగ్రాముందనీ, కీబోర్డుతో పాటు చెల్లెమ్మని కూడా అరువిమ్మనీ బావనే అడిగాడు. చెల్లెమ్మ ఎదురుగానే నిలబడి ఉంది.

"దానికి కుదరదు. కావాలంటే కీబోర్డు పట్టుకెల్లు," అన్నాడు సాయిశంకర్.

గౌరీశ్వరి స్పీకరు వైరు చుట్టి పక్కన పెట్టింది.

"కీబోర్డు ఇంట్లోనే ఉంటాదన్నయ్యా. మీ పాతది సాలు," అంది కృష్ణంరాజుతో. "ఏ టయానికి రావాలో నాకు సెప్పండి."