ఎండు చెట్టు మీద గాటు

చచ్చిన చెట్టు కనబడితే గాటు పెట్టడం నా చేతికి ఇరవై తొమ్మిదేళ్ల అలవాటు. ఆగేది లేదు. నడుస్తూనే రొమ్మెత్తున మచ్చుకత్తితో ఒక్క వేటు. బెరడు లేచి అరచేయంత మచ్చ పడుతుంది. వెనకాల వచ్చే కోతగాళ్లకి అదే ఉత్తరువు. ఎండు చెట్టుకి పురుగు పడుతుందని, నిప్పంటుకుంటుందని, దారినపోయేవాడి నెత్తిన పడుతుందని, నేను అడవి వాచర్‌గా చేరినప్పుడు పై వాచర్ నేర్పాడు. మా అడవిని చూసినవాళ్లు ఊడ్చిన వాకిలిలా ఉందనేవారు. ఆ మాటకి నేను పొంగిన రోజులు లేకపోలేదు.

ఈ ఏడు కొత్త రేంజరమ్మ వచ్చింది. వాగుకి అవతల ప్రభుత్వ అడవిలోనే ఒక ముక్కని పైవాళ్లతో కొట్లాడి విడదీయించింది. అక్కడ కొట్టకూడదు, నాటకూడదు, పడిన కొమ్మని పక్కకి జరపకూడదు. కాగితాల్లో దాని పేరు రక్షిత వన్యప్రాంతం. కోతగాళ్లు మాత్రం వదిలేసిన ముక్క అంటారు. నా నోట్లోనూ అదే తిరిగింది.

మంగళవారం ఇద్దరం హద్దు వెంట నడిచాం. హద్దంటే కంచె కాదు, కాలిదారి. ఏటేటా తీగలు కొట్టి నేనే తెరిచి ఉంచే దారి. మా ఇంటికీ అటవీ చౌకీకీ మధ్య రోజూ నడిచేదీ అదే. దానికి ఇటు ఈ ఏడాది కోతకిచ్చిన కూపు, అటు వదిలేసిన ముక్క. అటు అంచున ఉన్న చెట్లకి తెల్లరంగు కట్టు వేయాలి. కుంచె పట్టుకుని ఆవిడ ముందు, రంగు డబ్బా ఎడమచేత పట్టుకుని నేను వెనక. కుడిచేతిలో మచ్చుకత్తి.

దారిలో సగం దాటాక ఒక పెద్ద మాను దగ్గర ఆవిడ ఆగింది. అది చచ్చి పదేళ్లై ఉంటుంది. కొమ్మలన్నీ రాలి మొండెం మిగిలింది. పైన పిడికిలి పట్టేంత తొర్ర.

"దీనికోసమే పెద్దాయనా ఇన్నాళ్లూ తిరిగింది. లోపల పెద్ద వడ్రంగిపిట్ట పిల్లలు పెట్టింది. ఈ అడవి మొత్తానికి మిగిలింది ఆ ఒక్క జంటే. వాటికి గూడు పెట్టుకోడానికి ఇంకో ఎండు మానే లేదు."

ఎందుకు లేదో ఆవిడ అనలేదు. నేను తలూపాను. కట్టు వేసి ముందుకి కదిలింది. నేనూ కదిలాను.

సాయంత్రం ఇంట్లో కత్తి నూరదామని రాయి ముందేసుకున్నాను. పచ్చి తీగ కొడితే కత్తి అంచుకి జిగురు అంటుతుంది. ఎండుది కొడితే పొడి. కత్తికి జిగురుంది. జిగురు మీద తెల్లటి పొడి కూడా ఉంది. వేలితో తీసి చూశాను. అక్కడక్కడ రంగు అంటుకుని ఉంది.

పొద్దున కట్లు వేసిన రంగే.

"ఏంటయ్యా, కత్తితో మాట్లాడుతున్నావా?" అంది నా భార్య.

"ఎండు చెట్లకి గాట్లు పెట్టినట్టున్నాను."

"రోజూ పెట్టేదేగా."

"పెట్టకూడని చోట."

"ఎన్నింటికి?"

"తెలీదు. చెయ్యి పెట్టింది, నేను చూడలేదు."

ఆవిడ నా చేతి వంక చూసింది. "జాగ్రత్త, రాత్రి నిద్దట్లో నాక్కూడా పెట్టేవు" అంది. నేను నవ్వలేదు.

కోత మేస్త్రీ నా బావమరిదే. అందరూ రంపం అంటారు. వాడి మాటా అంతే, మొదలైతే ఆగదు. ఫోన్ చేశాను. కూపులో పాక వేసుకుంటే వాడికి సిగ్నల్ అందదు. రేంజరమ్మ నంబరు తీశాను. కాసేపు చూసి ఫోన్ జేబులో పెట్టేశాను. తెల్లారకుండా లేచి వెళ్లి నా గాట్లు నేనే చెరిపేస్తే ఆవిడకి తెలియక్కర్లేదనుకున్నాను. అక్కడే రెండో తప్పు చేశాను.

పొద్దు పొడిచేసరికి దారిలో ఉన్నాను. మోకాళ్లు ఈమధ్య ఆ దారి ఎత్తు ఎక్కనంటాయి. మొదటి గాటు దొరికింది, వాగు బురద తెచ్చి మెత్తాను. రెండోదీ అంతే. మూడోచోట చెట్టు లేదు. మొద్దు చుట్టూ పొట్టు రాత్రి మంచుకి తడిసి ఉంది. నిన్న సాయంత్రమే కోసినట్టున్నారు. వాళ్లు పని అనుకున్నదానికంటే ముందే మొదలుపెట్టారన్నమాట. అప్పుడు వినబడింది మోటారు చప్పుడు. ముందునుంచి, పెద్ద మాను ఉన్న వైపునుంచి.

పరిగెత్తానని చెప్పను. పరిగెత్తడం ఎప్పుడో పోయింది. వెళ్లేసరికి రంపం ఒంగి కోస్తున్నాడు. చెవులకి చప్పుడు వినబడకుండా డిప్పలు. కోస్తున్నవాణ్ణి వెనకనుంచి తాకకూడదు. చెట్టెత్తు దూరంలో చుట్టు తిరిగి ఎదురుగా వెళ్లి రెండు చేతులూ ఎత్తాలి. ఆ చుట్టు నా ఉద్యోగంలో నేను తిరిగిన అన్ని చుట్ల కంటే పెద్దది.

మోటారు ఆగింది.

"ఏం బావా, పొద్దున్నే చేతులెత్తేశావ్? అక్క ఏమన్నా అందా?"

"ఆపరా. ఇది కొట్టేది కాదు."

"గాటుందిగా."

"తెల్లకట్టు కనబడలా?"

"కనబడింది. చచ్చినదానికి ముస్తాబు ఎవరు చేశారబ్బా అనుకున్నా. కట్టు ఎవరిదో నాకు తెలీదు. గాటు మాత్రం నీది. ఎడమకి వాలి, కింద చిన్న తోక. నీ సంతకం నాకు తెలీదా?"

"నాదే. తప్పు పెట్టాను."

వాడు డిప్పలు మెడలోకి లాగాడు. "ఏంటీ?"

వినబడకేం కాదు. మళ్లీ అనిపించుకుందామని.

"తప్పు నాది అన్నాను."

"ఉండు, ఇది నలుగురిలో చెప్పాలి" అన్నాడు గాని, నా మొహం చూసి అక్కడితో ఆపాడు. వాడు ఆపడం అరుదు.

మాను కింద దారి వైపు నోరు కోసేశాడు, అంటే చెట్టు ఎటు పడాలో అటు ముందుగా పెట్టే గాడి. మూడోవంతు లోతు. చెట్టుని పడేసే వెనక కోత ఇంకా పెట్టలేదు.

"నోరు తెరిచినదాన్ని నిలబెట్టి పోకూడదు బావా. నువ్వు నేర్పిందేగా. ఎప్పుడు పడుతుందో దానికే తెలీదు. రేపు పొద్దున కిందనుంచి నడిచేది నువ్వే."

నిజమే. ఇద్దరం కూర్చున్నాం. చప్పుడు ఆగి చాలాసేపయ్యాక ఎర్రతల పిట్ట వచ్చి మానుకి అంటుకుంది. అటూ ఇటూ చూసి తొర్రలోకి తల పెట్టింది. లోపల పిల్లలు ఒక్కసారిగా గోల చేశాయి. కింద జరిగింది వాటికి తెలీదు.

"అబ్బో, నా ఇంటికంటే గోలగా ఉంది" అన్నాడు రంపం నెమ్మదిగా.

"పడితే దారి మీదే కదరా?"

"నోరు అటే. ఇంకెటు పడుతుంది?"

"దారి లేకపోతే?"

వాడు నా వంక చూశాడు. ఇరవై తొమ్మిదేళ్లు నేను తెరిచి ఉంచిన దారి వంక చూశాడు. లేచాడు.

కూపు వైపు కొట్టేసిన కొమ్మలు లాక్కొచ్చి దారికి అడ్డంగా, మానుకి అటూ ఇటూ దాని ఎత్తుకి రెండింతల దూరంలో, మనిషి దాటలేనంత ఎత్తు వేశాం. మధ్యాహ్నమైంది. రేంజరమ్మ అప్పుడే వచ్చింది. కోసిన నోరు చూసి మొహం వాడిపోయింది.

"ఎవరు కోశారు?"

రంపం నోరు తెరవబోయాడు. నేనే అన్నాను. "గాటు నాది మేడమ్. అలవాటులో పడింది. నిన్న సాయంత్రమే తెలిసింది. మీకు ఫోన్ చెయ్యలేదు. ఇంకో చెట్టు పోయింది కూడా."

ఆవిడ కొమ్మల అవతలే నిలబడింది. "నిన్న మీ కత్తి చప్పుడు వింటూనే ఉన్నాను. తీగలు కొడుతున్నారనుకున్నా" అంది. తర్వాత, "ఎన్నాళ్లు నిలబడుతుంది?"

"పిల్లలు ఎగిరేదాకా నిలబడొచ్చు. గట్టి గాలొస్తే చెప్పలేను."

"ఇది నేను పైకి రాయాలి పెద్దాయనా."

"రాయండి."

తారురోడ్డు మీదుగా చుట్టు తిరిగి ఇల్లు చేరేసరికి పొద్దుగూకుతోంది. నా భార్య కాళ్లకి నీళ్లిచ్చింది.

"దారి మూసేశావంట? తమ్ముడు రోడ్డెక్కి ఫోన్ చేశాడు."

"ఊఁ."

"మరి రేపెట్లా వెళ్తావ్?"

"చుట్టూ."

"మోకాళ్లో?"

"అవీ వస్తాయి" అన్నాను.