చివరి దీపం

తడిగుడ్డతో మోడెం మీది దుమ్ము తుడుస్తూ నారాయణమ్మ ఉలిక్కిపడింది. కంప్యూటరు ఆపే ఉంది. దాని వైరు బీరువాలో, బీరువా తాళంచెవి భర్త ఓబుళేసు జేబులో. కూతురు అశ్విని కళ్యాణదుర్గంలో మేనత్త ఇంట్లో. అయినా మోడెం చివరి దీపం టకటకా కొట్టుకుంటోంది.

కరెంటు కొడుతుందేమో, ఇల్లు అంటుకుంటుందేమో అని చెయ్యి వెనక్కి లాక్కుంది. ఆ తర్వాత అంతకంటే పెద్ద భయం గుండెలో దిగింది.

నాలుగు నెలల కిందట ఈ నెట్టు పెట్టించేటప్పుడు కేబుల్ వాళ్లు మిద్దెల మీదుగా తీగ లాగి ఇస్తామన్నారు. ఫోను ఆఫీసువాళ్లు ఫోను తీగలోనే ఇస్తామన్నారు. డేటాకార్డు గుచ్చితే గాలిలోనే వస్తుందని బెంగళూరు మరిది చెప్పాడు. ఏది వేగమో ఓబుళేసు అడగలేదు.

"గాలిలో వచ్చేదాన్ని యాడని పట్టుకునేది? కేబులైతే నేరుగా పిల్ల గదిలోకే పోతాది. ఫోనుదైతే హాల్లో ఉంటాది. నువ్వు ఇంట్లో ఊరికే ఉండేదానివే గదా, చూస్తాండు. ఆ చివరి దీపం కొట్టుకుంటాందంటే ఎవునితోనో మాట్లాడతాండాదని లెక్క."

ఊరికే ఉండేది ఆమె! ట్యాంకరు వెనక బిందెలతో పరుగెత్తి, సంగటి కెలికి, అత్త కాళ్లకు నూనె రాసి, వీటన్నిటి మధ్యా ఒక కన్ను దీపం మీదే ఉంచింది. బిడ్డ ఏమైపోతుందోనన్న భయం ఆమెకు భర్తకంటే ఎక్కువే. ఒకరోజు తనే చెప్పింది, "రెండు గంటలు కొట్టుకునింది" అని. "కంపెనీ పరీక్షకు చదువుకుంటాండా నాయనా" అంటుండగానే అశ్విని చెంప పగిలింది. మరునాడే బస్సెక్కించాడు. ఎక్కేముందు పిల్ల తండ్రివైపు చూడలేదు. తల్లినే చూసింది.

తడిగుడ్డ పక్కన పడేసి నారాయణమ్మ ఫోను ఆఫీసుకు ఫోను చేసింది.

"లైను ఉన్నంతసేపూ అది అట్లే కొట్టుకుంటాదమ్మా, ఎవురూ వాడకపోయినా" అని నవ్వాడు అవతలి మనిషి.

సాయంత్రం ఓబుళేసు ఒక కాగితం తెచ్చాడు. అంగడి ఫోను తన పేరున ఉందని ఇంటి ఫోను ఆమె పేరున తీసుకున్నాడు అప్పట్లో. ఆ సంగతి ఆమె ఎప్పుడో మరిచిపోయింది.

"నెట్టు తీసేయమని సంతకం పెట్టు. ఏడు దాకా చదివినావు గదా, పేరు రాసేకి ఇంతసేపా?"

"పెట్టను. సోమవారంలోగా పిల్ల నెట్టులో ఆ కంపెనీ పరీక్ష హాల్‌టికెట్టు తీసుకోవాల. నేను పోయి పిల్చుకొస్తా. వచ్చేలోగా బీరువా తాళంచెవి ఆ మోడెం పక్కన పెట్టు."

"ఓహో! దానికి నువ్వు కాపలా కాస్తావా?"

బస్సు బోల్తా పడుతుందేమో. తిరిగొచ్చేసరికి ఈయన తలుపు తీయడేమో. అసలు పిల్లే తన మొహం చూడనంటుందేమో. అనుకుంటూనే సంచిలో చీర పెట్టుకుంది. కాగితాన్ని సంతకం లేకుండానే మోడెం కిందికి తోసింది. భర్త చూస్తుండగా నుదుటి మీది స్టిక్కరు బొట్టు ఒలిచి, ఆ చివరి దీపం మీద అతికించింది.