లోపలి మెట్లు

బొమ్మ లైట్‌హౌస్ నెత్తిమీది దుమ్మును కుంచెతో కిందికి తోలుతున్నాడు దుమ్ము బాబాయ్. ఎప్పుడూ పైనుంచి కిందికే దులపాలి, లేకపోతే చేసిన పనే మళ్లీ చెయ్యాల్సి వస్తుంది. ఆ కుంచె బుగ్గలకు పౌడరు అద్దుకునేది. ఆడవాళ్ల సామాన్ల కొట్లో తల వంచుకుని కొన్నాడు. ప్లాస్టిక్ ఇటుకల బొడిపెల మధ్య దూరడానికి అంతకంటే మెత్తనిది అతనికి దొరకలేదు. కుంచెకు అందని చోట రబ్బరు బుడ్డి నొక్కి గాలి కొడతాడు. నోటితో మాత్రం ఊదడు, తుంపర పడి మరకవుతుందని భయం.

సన్నటి మనిషి, కాస్త ముందుకు వంగి ఉంటాడు. కనురెప్పల మీద ఎప్పుడూ ఇంత దుమ్ము. ఇటుకలు ఊడదీసి ఊడదీసి బొటనవేళ్ల గోళ్లు అరిగిపోయాయి. ఆ బొమ్మల ప్రదర్శనశాలలో అతనికి జీతమిచ్చేది దొంగల్ని కాయమని. వచ్చిన దొంగ ఒక్కడూ లేడు. అందుకని దుమ్మునీ ఎండనీ కాశాడు. వెలుతురు తగిలితే తెల్ల ఇటుకలు పసుపెక్కుతాయని కిటికీలకు నల్లగుడ్డ కట్టించాడు, అద్దాల పెట్టెల్లోని లైట్లు తీయించాడు. హాలు చీకటి కొట్టంలా తయారైందని టికెట్లిచ్చే ఆవిడ దెప్పిపొడిచేది. దుమ్ము బాబాయ్ అని అతనికి పేరు పెట్టింది ఆవిడే.

నిజానికి ఇవాళ దులపాల్సిన పని లేదు. మధ్యాహ్నం లైట్‌హౌస్‌ను విప్పేస్తున్నారు. పసుపెక్కిపోయింది, చూసేవాళ్లు మొహం తిప్పుకుని పోతున్నారు, ఆ చోట రేసుకారు పెడతామని మేనేజరమ్మ నిన్ననే చెప్పింది. మంచి మనిషే. చేసినావిడకి చెప్పకుండా విప్పడం బాగుండదని తనే ఫోన్ చేసి చెప్పింది.

చేసినావిడ అతని చెల్లెలు. మనిషెత్తు లైట్‌హౌస్, మొత్తం తెల్ల ఇటుకలే, ఎక్కడా చుక్క జిగురు లేదు. జిగురు పెడితే మళ్లీ విప్పి కట్టుకోవడానికి ఉండదు, అదేం బొమ్మ అనేది. ఆ తర్వాత కొన్నాళ్లకే వేళ్లలో పట్టు పోయింది, తర్వాత కాళ్లలో పోయింది. ఇప్పుడు అన్నయ్య ఇంట్లో, గోడవారగా మంచంలో ఉంటోంది. పగలు పక్కింటి పిన్ని వచ్చి చూసుకుంటుంది. అన్నాచెల్లెళ్లకి వేరే ఎవరూ లేరు. అతని పెళ్లి ఊసెత్తాల్సిన పెద్దలు ఎత్తకుండానే వెళ్లిపోయారు.

పొద్దున కాఫీ గ్లాసు ఆమె నోటికి అందిస్తుంటే అడిగింది. "బొమ్మ పోతే పోయిందిలే. లోపలి మెట్లు మాత్రం తెచ్చిపెట్టు అన్నయ్యా. ఒకే ముక్కగా పైకి వచ్చేలా కట్టాను."

సరేనన్నాడు. గ్లాసు కడగడానికి లేచాడు.

ఆ లైట్‌హౌస్ కడుపులో, ఎవరికీ కనపడని చోట, అడుగునుంచి దీపం దాకా మెట్లు కట్టిందామె. ఎవరు చూడొచ్చారని అప్పట్లో అతనే నవ్వాడు. బయట పసుపు రంగు మొదలైన ఏడాది ఆ మెట్లే అతని కంటపడ్డాయి. వెలుతురు సోకని ఇటుకలు పాలలా ఉన్నాయి. ఒకటి తీసి పసుపెక్కినదాని చోట పెట్టాడు. చక్కగా అతికింది. పసుపుది లోపల పెడదామనుకున్నాడు గానీ, లైట్‌హౌస్ వెనకవైపు పలక తీసి, ఆ సందులోంచి చేయి దూర్చి మెట్టు పేర్చడం అతని వల్ల కాలేదు. సరే తర్వాత చూద్దామనుకున్నాడు. ఆ తర్వాత అనేది ఎప్పుడూ రాలేదు. గుట్టుచప్పుడు కాకుండా మెట్టు వెంట మెట్టు బయటికి తెచ్చాడు. లోపల బోలుగా అయి గోడ ఊగుతుంటే అట్టగొట్టం ఒకటి నిలబెట్టాడు. సాయంత్రం ఫోన్లో ఫోటో చూపించి, "పాలనురుగులా ఉంది చూడు" అనేవాడు. ఆమె తలూపేది. ఆ తలూపు కోసమే అంత పనీ చేశాడు. కడపటి మెట్టు కూడా వాడేశాక ఇక తెలుపు లేదు, రెండేళ్లలో ముందువైపంతా మళ్లీ పసుపెక్కింది.

భోజనాల వేళ దాటాక ఇద్దరు పనివాళ్లు వచ్చారు. పైకప్పు ఎత్తి లోపలికి చూసి ఒకడు నవ్వాడు. లోపలంతా డొల్లే, అట్టగొట్టం తప్ప ఏమీ లేదన్నాడు. దుమ్ము బాబాయ్ కుంచె జేబులో పెట్టుకున్నాడు. వాళ్లు ఇటుకల్ని పెళ్లలు పెళ్లలుగా విరిచి, పిల్లలు ఆడుకునే తొట్టిలో కుమ్మరించి వెళ్లారు. అతను కంటికి రెప్పలా కాచిందంతా ఎర్రవీ నీలివీ ఇటుకల్లో కలిసిపోయింది.

తొట్టి పక్కన చతికిలపడి, పసుపెక్కిన వాటిని ఏరుకుని మెట్లు కట్టడం మొదలుపెట్టాడు. విప్పడం తెలిసిన చేతులు, కట్టడం తెలియదు. నాలుగు మెట్లు నిలిచేవి, అయిదోది పెడితే మొత్తం కూలేది. అన్నిటికంటే ఘోరం, అసలు మెట్లు ఎటు తిరిగేవో గుర్తు రాలేదు. తన చేత్తో ఒక్కొక్కటీ ఊడదీసినవాడికి గుర్తు లేదు. తల బాదుకోవాలనిపించింది. హాలు మూసే వేళకు మూరెడు మెట్లు ఎలాగో నిలబడ్డాయి. చేతిరుమాల్లో పెట్టుకుని, బస్సులో ఒళ్లో దాచుకుని, ఇల్లు చేరాడు.

పిన్ని తన ఇంటికి వెళ్తూ, ఇవాళ అమ్మాయి మెతుకు ముట్టలేదని చెప్పింది. ఊపిరి బరువుగా ఉందట, డాక్టరు దగ్గరికి వద్దందట.

చెల్లెలు రుమాలు వైపు చూసింది. "ఇటివ్వు," అంది.

పక్క మీద, ఆమె చేతి దగ్గర పెట్టాడు. వంకర తిరిగిన వేళ్లు మెల్లగా కింది మెట్టునుంచి పైకి పాకాయి. మధ్యలో ఆగాయి.

"ఇవి కుడికి తిరుగుతున్నాయి."

అతను రుమాలు మడత పెట్టసాగాడు.

"నావి ఎడమకి. లోపల మెట్లు లేవు కదూ?"

"లేవమ్మా."

"ఎప్పట్నుంచి?"

"చాలా కాలమైంది. పైన తెల్లగా ఉండాలని..."

"తెల్లగా ఉండాలని నేనడిగానా అన్నయ్యా?"

కోపంగా అనలేదు. కోపంగా అంటే బాగుండేదనిపించింది అతనికి. ఆమె కాసేపు పైకప్పు వైపు చూసింది. "అయితే ఇన్నాళ్లూ దీపం దగ్గరికి ఎక్కే దారే లేదన్నమాట," అంది తనలో తనే.

ఏ మొహం పెట్టుకుని అక్కడ కూర్చోవాలో తెలియక, పాలు వెచ్చబెడతానని వంటింట్లోకి వెళ్లాడు. స్టవ్ ముందు నిలబడి ఏడ్చాడు. చేసిన తప్పు ఎలా చెప్పుకోవాలో మాటలు కూడబలుక్కున్నాడు. పాలు పొంగి స్టవ్ మీద పడ్డాయి. మిగిలినవి గ్లాసులో పోసి, ఊది, చల్లార్చి తెచ్చాడు.

"అమ్మాయ్," అన్నాడు. మళ్లీ పిలిచాడు. భుజం తట్టాడు. ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు, చాలాసేపు తీయలేదు.

పిన్నిని పిలవడానికి తలుపు తీసుకుని వెళ్లాడు. పక్క మీద, ఆమె చేతికి ఆనుకుని, కుడికి తిరిగిన ఆ పసుపు మెట్లు ఉన్నాయి, పై మెట్టు ఒకటి ఊడి దుప్పటి ముడతలో పడి ఉంది.