చేతి మాలిమి

దూడను పొదుగు దగ్గరనుంచి ఈడ్చి గుంజకు కట్టేసరికి సవరయ్యకు ఆయాసం వచ్చింది. ముసునూరు కాన్వెంటు మామిడితోటలో అతనికిదే ఆఖరి పూట. వేళ్ళు వంకర్లు పోయి, పిడికిలి మూసుకోవడం లేదు. చింతలపూడి తీసుకుపోవడానికి కూతురు దీవెన ఆటోతో వస్తోంది. దూడ తల్లి, ఈ గేదె, అతని చేతికి తప్ప ఎవరికీ పాలు చేపదు. కొత్తగా పనిలో చేరిన లేయా కూర్చుంటే చాలు, పాలు ఎగబట్టేస్తుంది. ఇవాళా ఇవ్వకపోతే అమ్మేద్దామన్నారు మదర్‌గారు. పాలివ్వని గేదెను ఎవరు కొంటారో సవరయ్యకు తెలుసు.

స్పెయిన్‌లోని గలీసియా నుంచి వయసులో వచ్చి ఇక్కడే ముసలివారైపోయిన సిస్టర్ కార్మె, కర్ర పట్టుకుని కొట్టం గుమ్మంలో నిలబడ్డారు.

"నిన్ను చూస్తే మా ఊరి మాట ఒకటి గుర్తొస్తుంది సవరయ్యా. మన్సెదూమె. సాధుగుణం అని."

నోట్లో నాలుక లేనివాడని ఊరంతా అనేదే. సిస్టర్‌గారూ అదే అంటున్నారనుకుని పాపం తల వంచుకున్నాడు.

"పిరికితనమండీ అది."

"కాదయ్యా. పాత లాటిన్‌లో చెయ్యి, అలవాటు అన్న రెండు మాటలు కలిసి పుట్టింది. చేతికి అలవాటు పడటం. కర్రకి భయపడితే దాన్ని అలా అనరు."

సవరయ్య కాసేపు గేదె వీపు నిమిరాడు. "అయితే నన్ను మాలిమి చేసింది మా ఇంటిది సుసన్నా అండి. కుర్రతనంలో కొడవలెత్తి మనుషుల మీదికి పోయేవాణ్ణి. తను ఏమీ అనేది కాదు. వచ్చి వీపు మీద చెయ్యేసేది."

ఆమె పోయి ఏళ్ళయింది. కోపం వచ్చినప్పుడల్లా ఆ చెయ్యి ఇంకా అక్కడే ఉన్నట్టు అతనికి తెలుస్తూనే ఉంటుంది.

"తంతాదేమో మావయ్యా," అంది లేయా పొదుగు దగ్గర కూర్చుంటూ.

"తన్నదమ్మా. నా చేతికింద నీ చెయ్యెట్టు. లాగమాక."

కిటికీలోని చిప్పలోంచి కాస్త వెన్న తీసి వేళ్ళకు రాసుకున్నాడు. రెండు చేతులూ కలిసి పిండాయి. గేదె చెవులాడించింది, చేపింది. ధార తెగకుండా అతను ఒక్కో వేలే మెల్లగా తీసేసుకున్నాడు. గేదె కదల్లేదు. బయట ఆటో ఆగిన చప్పుడైంది. తన గొంతు వింటే తనకోసం చూసి మళ్ళీ ఎగబట్టేస్తుందని, సిస్టర్‌గారికి దణ్ణం మాత్రం పెట్టి, మాట్లాడకుండా బయటికి నడిచాడు.

"చూశారా మావయ్యా, ఇస్తోంది," అంది లేయా తల తిప్పకుండానే.

కిటికీలో కొబ్బరిచిప్ప ఉంది, అందులో కాస్త వెన్న, ఆ వెన్న మీద వంకర వేళ్ళు తీసిన గాడి.