చేతికి చుట్టిన టేపు

ఎమెట్ కుడిచేతికి కత్తిని టేపుతో గట్టిగా చుడుతోంది, లైనులో అతని పక్కనే పనిచేసే ఇర్మా. అతని మూడు వేళ్లకు స్పర్శ పోయి నెల దాటింది. అమెరికాలో, నెబ్రాస్కా రాష్ట్రంలోని ఆ పందిమాంసం ఫ్యాక్టరీలో చేతులు మొద్దుబారినవాళ్లంతా చేసే పనే ఇది. సూపర్‌వైజర్ క్లైడ్ చూసీ చూడనట్టు పోతాడు.

"నీ ఎమ్మారై ఏమైందన్నా?"

"ఏమవుద్దమ్మా! మెడలో నరం నలుగుతోందేమో, స్కాన్ తియ్యాలని డాక్టరు రెండుసార్లు రాశాడు. ఇన్సూరెన్సోళ్లేమో ముందు ఆరు వారాలు క్లినిక్కుకెళ్లి మెడ కసరత్తులు చెయ్యమన్నారు. ఓవర్‌టైమ్ పడి ఒక్క శనివారం ఎగ్గొట్టానా, మళ్లీ ఒకటో వారం నుంచి మొదలెట్టమన్నారు."

"మనకంటే పంది నయం. దాన్ని లోపలంతా చూశాకే తనిఖీవాళ్లు ముద్రేస్తారు."

ఇద్దరూ నవ్వుకున్నారు. ప్రీమియం మాత్రం ప్రతి జీతంలోనూ కోసుకుంటారు. ఆ కోతకు ఏ డాక్టరు చీటీ అక్కర్లేదు.

లైను కదిలింది. గంటకు వెయ్యి పందులు దాని మీద ముందుకొస్తాయి. భోజనాల వేళ కాకముందే ఎమెట్ మెడలో మెరుపులాంటి పోటు పుట్టి, చెయ్యి పక్కకు ఎగిరింది. టేపు లేకపోతే కత్తి కింద పడి ఉండేది. అది ఇర్మా ముంజేతిలో ఎముక దాకా దిగింది. అతను వెనక్కి లాగబోయాడు, చెయ్యి మాట వినలేదు. కత్తి ఇంకోసారి కోసింది. రక్తం ఇద్దరి మొహాల మీదా చిమ్మింది.

"వదిలెయ్ అన్నా, వదిలెయ్!"

"వదల్లేకపోతున్నానే తల్లీ!"

ఎవరో టేపు కత్తిరించారు. ఇర్మాను అంబులెన్సులో తీసుకెళ్లారు. నేల కడిగారు. గంట తర్వాత క్లైడ్ వచ్చాడు.

"బతికిందిలే. స్కాన్ కూడా తీసేశారంట."

"ఎన్ని వారాలు కసరత్తు చేయించారు?"

క్లైడ్ కత్తినీ కొత్త టేపు చుట్టనూ బల్ల మీద పెట్టాడు. "లైను మొదలెడుతున్నాం. చుట్టుకో."

"చుట్టుకోను. ముందు నా మెడలో ఏముందో చూపించండి."

"ఉద్యోగం ఊడితే ఇన్సూరెన్సూ ఊడుద్ది, ఎమెట్."

"ఉండి ఏం చూసింది సార్ అది?"

ఎమెట్‌లో భయమూ ఉంది, అంతకు మించిన కోపమూ ఉంది. లైను కదిలింది. మొదటి పంది కత్తి పడకుండానే అతని ముందునుంచి దాటిపోయింది. అవతలి బల్ల దగ్గర మరో కార్మికుడు నెస్టర్ తన చేతికున్న టేపును పళ్లతో పీకుతున్నాడు.